కాలేయంలో అద్దెకున్న నెత్తురు



నేను చాలా ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. కొత్త క్లాసు మొదలవగానే ఒక ప్రశ్న వేసేదాన్ని. మన ఒంట్లో నెత్తురు ఎక్కడ తయారవుతుంది? క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పేది, ఎముకల మూలుగలో మేడమ్ అని. బాగానే ఉంది. మరి అమ్మ కడుపులో నాలుగో నెల బిడ్డకో? అప్పుడూ మూలుగలోనే అనేవాళ్ళు. ఆ బిడ్డకి మూలుగ ఇంకా పనిలో కుదురుకోలేదు. నెత్తురు తయారయ్యేది ఎక్కువగా కాలేయంలో.

అవునండీ, కాలేయంలోనే. మనం లివర్ అంటామే, అందులో.

బిడ్డ కడుపున పడ్డ మూడో వారంలో మొదటి నెత్తురు కణాలు పుడతాయి. అవి బిడ్డ ఒంట్లో పుట్టవు. బిడ్డకి అంటుకుని బయట ఉండే సొన సంచిలో పుడతాయి. కోడిపిల్లకైతే ఆ సంచి నిండా పచ్చసొన ఉంటుంది. మనకి పచ్చసొన లేదు, సంచి మాత్రం మిగిలింది. ఇంచుమించు ఆరో వారానికి ఆ పని కాలేయం చేతికి వస్తుంది. నెలల తరబడి అక్కడే సాగుతుంది. ఏడో నెల దాటాక మూలుగ ఆ బరువులో ఎక్కువ భాగం అందుకుంటుంది. పుట్టేనాటికి కాలేయంలో నెత్తురు తయారీ దాదాపు సర్దుకుంటుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళని చూశారుగా. గృహప్రవేశం అయ్యేదాకా ఎక్కడో అద్దెకుంటారు. ఈ కణాలదీ అదే పరిస్థితి. ముందు ఎముక గట్టిపడాలి. లోపల డొల్ల ఏర్పడాలి. అప్పుడుగానీ మూలుగ అనే సొంతిల్లు తయారవదు. అందాకా కాలేయంలో అద్దె. ఒక దశలో ఆ ఇంట్లో ఇంటివాళ్ళకంటే అద్దెవాళ్ళే ఎక్కువ. తొమ్మిదో వారం, పదో వారం నాటికి బిడ్డ బరువులో 10 శాతం దాకా కాలేయమే. పుట్టేసరికి అది 5 శాతం. మీకూ నాకూ అయితే 2 శాతం. కాలేయం అప్పట్లో అంత పెద్దదిగా ఉండడానికి ఒక కారణం ఈ అద్దెవాళ్ళే.

ఈ అద్దె ఇంటి కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ పావుగంటలో మీకు ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చి వెళ్దామని. ఒంట్లో ఏదైనా మారిందని ఎవరైనా చెప్తే, ముందు ఇది అడగాలి. మారింది మనుషులా? మనుషులు చేసే పనా? మనుషులంటే ఇక్కడ కణాలే. గుర్తుపెట్టుకోండి. మనుషులా, పనా?

పనంటే ఏమిటో తెలియాలంటే ముందు కొంచెం జన్యువుల సంగతి చెప్పుకుందాం.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువుల సెట్టు ఒకటే. ప్రోటీన్లు తయారుచేయించే జన్యువులు సుమారు 20 వేలు. కంటి కణంలో ఉన్నవే కాలి గోటి దగ్గరి కణంలోనూ ఉంటాయి. అలాంటప్పుడు కన్ను కన్నులా, గోరు గోరులా ఎందుకుంటాయి?

ఉగాదికి ఊళ్ళో ఇంటింటికీ ఒకే పంచాంగం వచ్చిందనుకోండి. పంతులుగారు ముహూర్తాల పేజీ తీస్తారు. రైతు కార్తెలు చూసుకుంటాడు. మా అమ్మమ్మ ఆదాయ వ్యయాల పేజీ ఒక్కటే చూసేది. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని ఉంటే రోజంతా మూతి ముడుచుకుని కూర్చునేది. పుస్తకం ఒకటే. తీసే పేజీలే వేరు. కణాలూ అంతే. కాలేయ కణం కొన్ని పేజీలు తీస్తుంది. నెత్తురు కణం వేరే పేజీలు తీస్తుంది. మిగతా పేజీలు మూసే ఉంటాయి, కానీ చిరిగిపోవు. జాన్ గుర్డాన్ అనే ఆయన 1962లో కప్పలతో ఈ సంగతి చూపించారు. తోకకప్ప పేగులోంచి ఒక కణం తీశారు. దాని కేంద్రకాన్ని, సొంత కేంద్రకం లేకుండా చేసిన గుడ్డులో పెట్టారు. ఆ గుడ్డు మళ్ళీ తోకకప్పగా ఎదిగింది. పేగు కణంలో కూడా పుస్తకం మొత్తం పదిలంగా ఉందన్నమాట. ఆ పనికి 2012లో నోబెల్ వచ్చింది. యాభై ఏళ్ళు పట్టింది లెండి.

పంచాంగం చూసినవాళ్ళు పేజీ చింపుకుని పోరు. చిన్న చీటీ మీద రాసుకుపోతారు. కణమూ అదే చేస్తుంది. కావలసిన జన్యువుని చీటీ మీదికి ఎక్కిస్తుంది. ఆ చీటీ పేరు ఎంఆర్‌ఎన్‌ఏ. ఏ జన్యువు చీటీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, ఆ జన్యువు ఎంత పని చేస్తోందో అంచనాకి వస్తుంది. పుస్తకాల్లో దీన్ని జన్యు వ్యక్తీకరణ అని రాస్తారు. బెదరగొట్టే మాట. మనం చీటీల లెక్క అనుకుందాం, చాలు.

ఇప్పుడు కాలేయానికి తిరిగి వద్దాం. ఎన్నో ఏళ్ళు ల్యాబుల్లో ఈ లెక్క ఎలా చేసేవారో తెలుసా? కాలేయం ముక్క తీసుకుని, మెత్తగా నూరి, అందులోని చీటీలన్నీ కుప్పపోసి లెక్కపెట్టేవారు. పచ్చడి నూరినట్టే. ఎలుక పిల్లల మీద ఇలాంటివి బాగా చేశారు. ఎలుక తల్లి కడుపులో ఉండేది మొత్తం ఇరవై రోజులే. పదకొండో రోజు నుంచి పిల్ల కాలేయంలో నెత్తురు తయారీ జోరందుకుంటుంది. ఆ రోజుల్లో తీసిన పచ్చడిలో హిమోగ్లోబిన్ చీటీలు గుట్టలుగా దొరుకుతాయి. పుట్టిన కొన్నాళ్ళకి మళ్ళీ నూరితే అవి బాగా తగ్గిపోతాయి.

ఇది చూసి ఏమనిపిస్తుంది? కాలేయ కణాలు హిమోగ్లోబిన్ జన్యువుని ఆపేశాయి అనిపిస్తుంది. అనిపించడం తప్పు కాదు. కానీ జరిగింది అది కాదు. కాలేయం సొంత కణం హిమోగ్లోబిన్ పేజీ తీసిందెప్పుడు, మూసిందెప్పుడు? ఆ చీటీలు అద్దెవాళ్ళవి. వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు, చీటీలు కూడా వాళ్ళతోనే పోయాయి. ఇక్కడ మారింది మనుషులు.

అదే పచ్చడిలో ఇంకో రకం చీటీ కూడా తగ్గుతుంది. ఆల్ఫా ఫీటోప్రోటీన్ అంటారు. ఏఎఫ్‌పీ పరీక్ష అని మీలో కొందరు వినే ఉంటారు. గర్భంలో బిడ్డ కాలేయం ఈ ప్రోటీన్‌ని బాగా తయారుచేస్తుంది. పుట్టాక నెలల్లోనే మానేస్తుంది. ఇది మాత్రం అద్దెవాళ్ళది కాదు, ఇంటివాళ్ళదే. అవే కాలేయ కణాలు ఒక పేజీ మూసేసి, ఆల్బుమిన్ లాంటి పేజీలమీదే ధ్యాస పెడతాయి. ఇక్కడ మనుషులు వాళ్ళే. పని మారింది. పెద్దయ్యాక కొన్ని రకాల కాలేయ క్యాన్సర్లలో మూసిన ఆ పేజీ మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకే డాక్టర్లు ఆ పరీక్ష రాస్తారు. గర్భిణుల నెత్తురులో అది సహజంగానే ఎక్కువ ఉంటుంది. వాళ్ళు రిపోర్టు చూసి హడలిపోవద్దు.

చూడండి తమాషా. ఇల్లు ఒకటే. కాలం ఒకటే. రెండు గీతలూ కిందికే దిగుతున్నాయి. ఒకదాంట్లో మనుషులు వెళ్ళిపోయారు. ఇంకోదాంట్లో మనుషులు పని మార్చుకున్నారు. నూరిన పచ్చడిని అడిగితే మాత్రం రెండింటికీ ఒకటే జవాబు వస్తుంది. తగ్గింది అని.

ఇదేదో ల్యాబులవాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకుంటున్నారా?

మా పక్కింటి పిన్నిగారు ఒకరోజు మనవడి రక్త పరీక్ష కాగితం పట్టుకొచ్చారు. వాడికి రెండేళ్ళు. జ్వరం వచ్చి తగ్గింది. ఆవిడ కళ్ళజోడు చేతిలోనే ఉంది, వేలు మాత్రం ఒక అంకె మీద ఉంది. "అమ్మాయ్, ఇది కాస్త చూసి పెట్టు. లింఫోసైట్లు 60 శాతంట. పక్కన పెద్దలకి నలభై దాటకూడదని రాసి ఉంది" అన్నారు. గొంతు వణుకుతోంది. నేను చెప్పాను, పిన్నిగారూ, రెండేళ్ళ పిల్లల్లో తెల్ల కణాల్లో లింఫోసైట్లదే పైచేయి, నాలుగైదేళ్ళు వచ్చేదాకా అంతే, ఆ పక్కన వేసిన కొలత మనలాంటి వాళ్ళది, వాడిది కాదు అని. ఎదిగే ఒంట్లో కణాల పాళ్ళు కూడా ఎదుగుతూ మారుతుంటాయి. పిల్లల డాక్టరుగారికి చూపించి ఆయన మాట కూడా వినమన్నాను.

శాతాల్లో ఇంకో మెలిక ఉంది. డబ్బాలో పది లడ్లు, పది చేగోడీలు పెట్టారనుకోండి. చెరి సగం. మధ్యాహ్నం పిల్లలు ఐదు లడ్లు లాగించేశారు. ఇప్పుడు డబ్బాలో చేగోడీలు మూడింట రెండు వంతులు. శాతం పెరిగింది. ఎవరైనా కొత్తగా చేగోడీలు వేయించారా? లేదు. లడ్లు తగ్గాయి, అంతే. రక్త పరీక్షలోనూ ఒక రకం కణాలు తగ్గితే, ఏమీ చేయకుండా కూర్చున్న రెండో రకం శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు శాతంతోపాటు అసలు సంఖ్య కూడా చూస్తారు.

సరే, నూరితే తెలియనప్పుడు ఏం చేయాలి? నూరడం మానేయాలి. కణాల్ని ఒక్కొక్కటిగా విడదీసి, ఏ చీటీ ఏ కణానిదో దాని మీద డోరు నంబరు వేయాలి. చెప్పినంత తేలిక కాదు. ఒక్క కణంలో ఉండే చీటీలు కంటికే కాదు, యంత్రానికీ ఆనవు. 2009లో ఎలుక పిండంలోని ఒక్క కణం నుంచి చీటీలన్నీ చదవగలిగారు. ఆ తరవాత పదేళ్ళలో పని ఎంత పుంజుకుందంటే, 2019లో ముజ్లిఫా హనీఫా బృందం మనిషి పిండాల కాలేయం నుంచి సుమారు లక్షా నలభై వేల కణాల్ని ఒక్కొక్కటిగా చదివింది. అద్దె ఇంట్లో ఎవరెవరున్నారో రకాల వారీగా జాబితా దొరికింది. వారం వారం ఎవరి వాటా పెరిగిందో, ఎవరిది తరిగిందో తెలిసింది.

దీన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదని నా అభిప్రాయం. కణాల్ని విడదీసేటప్పుడు కొన్ని చితికిపోతాయి. కాలేయం సొంత కణాలు మరీ సుకుమారం. సంచిలో అప్పడాలు, ఉల్లిపాయలు కలిపి తెచ్చి, ఇంటికొచ్చాక విరగకుండా ఉన్నవాటినే లెక్కపెడితే ఏమవుతుంది? అప్పడాలు తక్కువే కొన్నాం అనుకుంటాం. అలా ఇంటివాళ్ళ లెక్క తగ్గి కనిపించే ప్రమాదం ఇందులో ఉంది.

నూరితే పోయే సంగతి ఇంకొకటుంది. దానికి పులిహోరని ఉదాహరణగా తీసుకుందాం.

పులిహోరలో ఉప్పు ఉంటుంది. పల్లీలూ ఉంటాయి. మా వైపు వేరుసెనగ గుళ్ళు అంటాం, ఏదైనా ఒకటే. ఉప్పు ప్రతి మెతుక్కీ పడుతుంది. పల్లీలు అక్కడొకటి ఇక్కడొకటి తగులుతాయి. కానీ ఆ పులిహోరని మిక్సీలో వేసి తిప్పారనుకోండి. ఇంత ఉప్పు, ఇన్ని పల్లీలు అని చెప్పొచ్చు. ఏది మెతుకు మెతుక్కీ పట్టిందో, ఏది విడిగా ఉందో చెప్పలేం.

మన నెత్తురులో అచ్చం అలాంటి ముచ్చట ఒకటుంది. కడుపులో బిడ్డకి వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు. మనం బిడ్డ హిమోగ్లోబిన్ అందాం. అమ్మ నెత్తురులోంచి ఆక్సిజన్ లాక్కోవాలి కదా, అందుకని దానికి పట్టు ఎక్కువ. పుట్టినప్పుడు బిడ్డ హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా అదే. ఆరు నెలలు, ఏడాది అయ్యేసరికి బాగా తగ్గి, పెద్దల్లో 1 శాతం అటూ ఇటూగా మిగులుతుంది. ఆ 1 శాతం ఎలా ఉంటుంది? ప్రతి ఎర్ర కణంలోనూ కాస్త కాస్త, ఉప్పులా ఉంటుందా? లేదు. కొద్ది కణాల్లోనే ఉంటుంది. పల్లీల్లా.

ఈ తేడా తెలిసే పరీక్ష 1957 నుంచీ ఉంది. జర్మనీలో క్లైహవర్, బెట్కె, ఇంకొందరు కలిసి కనిపెట్టారు. గాజు పలక మీద అమ్మ నెత్తురు పల్చగా రాస్తారు. దాన్ని పుల్లటి ద్రావణంలో ముంచుతారు. పెద్దల హిమోగ్లోబిన్ కరిగి బయటికి పోతుంది. బిడ్డ హిమోగ్లోబిన్ కదలదు. తరవాత రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. నేనూ చూశాను. కళ్ళముందు వందల కణాలు, నీటిబుడగల్లా తెల్లగా, అంచు గీత మాత్రమే కనిపిస్తూ ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో ఒకటి ముదురు గులాబీ రంగులో నిండుగా, దానిమ్మ గింజలా మెరుస్తుంది. అది బిడ్డది. అమ్మ నెత్తురులోకి వచ్చిన బిడ్డ కణం.

ఇది దేనికి పనికొస్తుందంటే, తల్లి బ్లడ్ గ్రూపు నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు తరవాత తల్లికి యాంటీ డి ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ నెత్తురు తల్లిలోకి ఎక్కువగా కలిస్తే మామూలు మోతాదు చాలదు. ఎంత కలిసిందో ఆ గులాబీ కణాల్ని లెక్కపెట్టి చెప్తారు. తల్లి నెత్తురుని మొత్తంగా కొలిచి బిడ్డ హిమోగ్లోబిన్ 2 శాతం ఉందని చెప్తే ఏం తెలుస్తుంది? కొందరికి వంశపారంపర్యంగానే అది కాస్త ఎక్కువ ఉంటుంది. వాళ్ళ ప్రతి కణంలోనూ ఉప్పులా ఉండొచ్చు. లేదా బిడ్డ కణాలు వచ్చి కలిసి ఉండొచ్చు. అంకె ఒకటే, సంగతులు రెండు. మనుషులా, పనా? పలక మీద చూస్తేగానీ తేలదు.

చివరిగా ఒక్క విషయం. ఇది మన ఏజెన్సీ ప్రాంతాల్లో వినేవాళ్ళు కాస్త చెవిన పెట్టండి.

సికిల్ సెల్ జబ్బు మీకు తెలుసు. ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుని, ఒళ్ళంతా నొప్పులు పుట్టిస్తాయి. లోపం ఉన్నది పెద్దల హిమోగ్లోబిన్‌లో. బిడ్డ హిమోగ్లోబిన్‌లో కాదు. అందుకే ఆ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి నెలల్లో చక్కగా ఆడుకుంటారు. ఆరో నెల ప్రాంతంలో బిడ్డ హిమోగ్లోబిన్ తగ్గుతూ, లోపం ఉన్నది పెరుగుతూ వచ్చాక బాధ మొదలవుతుంది. అమెరికాలో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు 1948లోనే దీన్ని పట్టుకున్నారు. పసిపిల్లల్ని కాపాడేది బిడ్డ హిమోగ్లోబినే అని ఊహించారు.

ఈ మార్పులో మనుషులు మారారా, పని మారిందా? ఇక్కడ రెండూ. మూలుగలో కణాలు ఒక పేజీ మూసి ఇంకో పేజీ తెరుస్తాయి. అది పని మారడం. నెత్తురులో తిరిగే ఎర్ర కణానికి అసలు పుస్తకమే ఉండదు. మూలుగ గడప దాటేముందే దాన్ని పారేసి వస్తుంది. కాబట్టి అది పేజీ మార్చలేదు. పాత కణాలు చచ్చిపోయి, కొత్త పేజీ చదివిన కణాలు వాటి చోట చేరాలి. అది మనుషులు మారడం. నెలలు పట్టేది అందుకే.

ఇక ఒక జాగ్రత్త. ఈ జబ్బుని పట్టుకోవడానికి సొల్యుబిలిటీ పరీక్ష అని ఒకటుంది. చిన్న గొట్టంలో నెత్తురు చుక్క వేసి మబ్బుగా అవుతుందేమో చూస్తారు. చవకైనది, ఊళ్ళోనే చేయొచ్చు. కానీ ఆరు నెలలు నిండని పాపాయి నెత్తురులో బిడ్డ హిమోగ్లోబినే ఎక్కువ. జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు. పసిపిల్లలకి ఆ పరీక్షలో లేదని వస్తే సరే అని ఊరుకోవద్దు. హెచ్‌పీఎల్‌సీ లాంటి, హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపించే పరీక్ష కావాలని అడగండి. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద, నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది అప్పట్లో పెట్టుకున్న లెక్క. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి.

మూసిన ఆ పేజీని మళ్ళీ తెరిపిస్తే జబ్బు నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తుంది. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర చేసే మేలులో ఎక్కువ భాగం అదే. ఆ పేజీని మూసి ఉంచే తాళం బీసీఎల్11ఏ అనే జన్యువని 2008లో బోస్టన్‌లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది. ఆ తాళం వదులుచేసే క్యాస్‌జెవీ అనే చికిత్సకి 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి సొంత కణాల్ని బయటికి తీసి, సరిచేసి, మళ్ళీ ఎక్కిస్తారు. అప్పట్లో అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన ఏజెన్సీ గూడేనికి అది ఇప్పట్లో వచ్చేది కాదు. మాత్ర అయితే అందుతుంది.

మాత్ర ఇచ్చాక బిడ్డ హిమోగ్లోబిన్ ఎంత శాతానికి పెరిగిందో చూస్తారు. అయితే ఒక కణంలో ఉన్న బిడ్డ హిమోగ్లోబిన్ పక్క కణాన్ని వంగకుండా ఆపలేదు. దేనిది దానికే. అందుకని శాతంతోపాటు, అది ఎన్ని కణాల్లో ఉందన్నది కూడా ముఖ్యం. క్యాస్‌జెవీ తీసుకున్నవాళ్ళలో దాదాపు అన్ని ఎర్ర కణాల్లోనూ బిడ్డ హిమోగ్లోబిన్ కనిపించింది. ఉప్పులా పట్టింది. మాత్రతో చాలామందిలో కొన్ని కణాలకి బాగా చేరుతుంది, కొన్నింటికి చేరదు. అంటే ఇంకా పల్లీలే.